వనసంతానము

మన పెద్దలు సప్తసంతానములను లెక్కించినపుడు తటాకము, నిధి, అగ్రహారము, దేవాలయము, కృతి, పుత్రుడు అను వానితోబాటు వనమును గూడ చేర్చిరి. సంతానమనుటలో నొక యర్థమున్నది. బిడ్డను గన్నంతమాత్రమున తలిదండ్రుల పని తీరదు, పెంచవలెను. మొక్కను నాటుటకు ధనమిచ్చి, నీరు పోయుటకు ధనము లేదను ప్రభుత్వము, కని పాఱవైచిన తండ్రివంటిది.

ప్రజల నీడకై రాజధనమును వెచ్చించుట మనకు క్రొత్త కాదు. క్రీ. పూ. 3వ శతాబ్దమున అశోకుడు, మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు బాటల వెంట చెట్లు నాటించి, బావులు త్రవ్వించినట్లు తన ధర్మలిపులలో ప్రకటించెను. ఆ లిపులు కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద నేటికిని గలవు. తరువాతి కాలమున తెలుగునేలను చెఱువులు కట్టించినవారు, కట్టించి యూరకుండక, వాని మరమ్మతునకై దశబంధపు మాన్యముల నిచ్చిరి. పోషణము లేనిదే నిర్మాణము నిలువదని వారెఱుగుదురు.

ఈ వివేకము ఇటీవలి చట్టములందును గలదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టముతో, పంచాయతీ బడ్జెటులో నూటికి 10 వంతులు పచ్చదనమునకు కేటాయింపవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకవలెననియు నియమమేర్పడినది. 2020 మొదలు ఊరూరను పల్లెప్రకృతివనములు వెలసినవి. మా వికారాబాదు జిల్లాలో తాండూరు, పెద్దేముల్ ప్రాంతములవారికి వీని విలువ చెప్పనక్కఱలేదు. తాండూరు నాపరాతి గనులకు పేరుపొందినది. రాతిధూళిలో దినమంతయు పనిచేయు కూలివానికిని, అతని బిడ్డకును, ఇంటిపని ముగించి గడియసేపు గాలి పీల్చుకొనగోరు ఇల్లాలికిని చెట్టునీడ విలాసవస్తువు కాదు. కలవానికి పెరటితోట గలదు. లేనివానికి ఊరితోటయే పెరడు.

సర్పంచుల పదవీకాలము 2024 ఫిబ్రవరి మొదట ముగిసెను. మరల నెన్నికలు 2025 డిసెంబరున గాని జరుగలేదు. ఎన్నుకొన్న పాలకవర్గములు లేనందున ఆ నడుమ 15వ ఆర్థికసంఘపు నిధులు నిలిచినవి. నిధులు నిలిచిన చోట ట్రాక్టరుకు డీజిలును, పనివారికి జీతమును దొరకుట కష్టమైనది. మా ప్రాంతమున నొక పల్లెవనమును వేసవిలో చూచితిమి. బోర్డుమీది యక్షరములు చెక్కుచెదరలేదు. దాని వెనుక మొక్కలు పుల్లలైనవి.

బడికిని వైద్యమునకును ధనము చాలనపుడు తోటలేల యని కొందఱందురు. బడిపంతుళ్లమైన మేము ఆ మాటను త్రోసివేయజాలము. అయినను ఇట్టి కోత పొదుపు కాదని మా మనవి. మూడేండ్లు పెంచిన చెట్టు ఒక్క వేసవిలో ఎండినచో, మిగిలినది ఆ వేసవి ఖర్చు. పోయినది మూడేండ్ల ఖర్చు. మరల నాటుటకగు వ్యయమును, నడుమ పోయిన నీడయు దీనికి అదనము. సంపన్నమైన న్యూయార్కు నగరమును ఈ లెక్క తప్పినదే. 1975 ప్రాంతమున ఆ నగరము దివాలా యంచుకు వచ్చి, ఉద్యానముల సిబ్బందిని తగ్గించినది. సెంట్రల్ పార్కు పాడువడినది. దానిని బాగుచేయుటకై 1980లో పౌరులొక సంస్థను స్థాపించి, చందాలు ప్రోగుచేయవలసివచ్చెను. అట్టి దాతలు మన పల్లెలకు దొరకుదురా?

కావున మేము కోరునది గొప్పది కాదు. క్రొత్త వనముల మాట తరువాత. ఉన్నవాని నీటిఖర్చును, పనివాని జీతమును ఎట్టి యిక్కట్టునందును కోయరాని పద్దుగా నుంచవలెను. క్రొత్త సర్పంచులు కూర్చున్నారు. గ్రామసభ జరుగునపుడు పాఠకులు, ముఖ్యముగా గృహిణులు, వెళ్లి వనమునకు ఈ యేడు నీరెవరు పోయుదురని అడుగవలెను. అడుగువారున్న చోట పద్దు చెరిగిపోదు.