డాబాగార్డెన్సు గాలి, మేరీకర్కు గాలిమర

గ్లాస్గో నగరమున ఆండర్సన్ కళాశాలయందు ఆచార్యుడైన జేమ్స్ బ్లైత్, స్కాట్లండు దేశపు మేరీకర్కు గ్రామమున తనకుగల వేసవి విడిదియింటి తోటలో 1887వ సంవత్సరము జూలై మాసమున సుమారు పది మీటర్ల యెత్తుగల గాలిమర నొకదానిని నిలిపి, గుడ్డచాపలు కట్టిన దాని చక్రము తిరుగగా పుట్టిన విద్యుత్తును బ్యాటరీలలో నిలువచేసి, దానితో తన యింట దీపములు వెలిగించుకొనెను. గాలివలన పుట్టిన విద్యుత్తుతో వెలుగొందిన గృహము లోకమున అదియే మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. మిగిలిన విద్యుత్తుతో గ్రామవీథికి దీపములు పెట్టుదునని ఆయన ముందునకు రాగా, అది సైతాను పని యని గ్రామస్థులు వలదనిరట. ఆ యేటి శీతకాలమునకే అమెరికాలో క్లీవ్లండు నగరమున చార్లెస్ బ్రష్ అను ధనికుడు తన భవనపు పెరటిలో 144 దేవదారు రెక్కలతో 17 మీటర్ల వ్యాసముగల బ్రహ్మాండమైన చక్రమును ప్రతిష్ఠించెను. పవనవిద్యుత్తు కర్మాగారములలోగాక ఇండ్ల తోటలలో జన్మించినదన్న సంగతి నాకు మిక్కిలి ప్రీతికరమైనది.

మేరీకర్కులో ఆ చక్రము తిరుగుటకు నలుబదియేడేండ్ల ముందే, విశాఖపట్టణమున నేడు మనము డాబాగార్డెన్సు అని పిలుచుకొను పేటలో, తోటనడుమ నున్న తమ స్వగృహమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో నక్షత్రశాల నొకదానిని నెలకొల్పిరి. జమీందారీ వంశమున జనించియు భోగములకు లోనుగాక, చెన్నపురి నక్షత్రశాలాధిపతియగు టేలరు దొరవద్ద ఖగోళశాస్త్ర మభ్యసించి వచ్చిన ఆ మహనీయుడు, డాల్ఫిన్స్ నోస్ కొండమీద ధ్వజస్తంభ మెత్తించి ఓడలవారికిని పట్టణవాసులకును కాలసూచన చేయించెను. 1856లో ఆయన గతించిన పిమ్మట, అల్లుడైన అంకితము వెంకట నరసింగరావుగారు ప్రభుత్వోద్యోగమును విడిచి ఆ శాలాభారమును వహించి, 1874నాటి శుక్రసంక్రమణమువంటి, ఆకాశమున జరుగు వింతలను ఎంత శ్రద్ధతో గమనించిరో, ఈ తీరపు వాతావరణమునుగూడ అంత శ్రద్ధతో పరిశీలించుచు, 1892లో పరమపదించువరకు ఆ దీక్షను విడువరైరి. బ్లైత్ తన తోటగాలితో దీపములు వెలిగించుకొన్న యేటను విశాఖలోని ఈ తోట నిద్రించుచుండలేదు.

ఈ రెండు తోటలకును సంబంధమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. నాలుగు గిన్నెలు గాలికి తిరుగుచు వేగమును తెలుపునట్టి గాలిమాపకమును 1846లో నిర్మించినవాడు ఐర్లండులోని అర్మా నక్షత్రశాలాధిపతి రాబిన్సన్. ఆయనయు జగ్గారావుగారివలెనే ఖగోళవేత్త. ఆ గిన్నెల యమరికనే బ్లైత్ తన తరువాతి గాలిమరకు మాతృకగా గైకొనెను. కొలుచుటకు పుట్టిన పరికరము పెద్దదై పనిచేయు యంత్రమైనది. కొలత ముందు, యంత్రము వెనుక. ఈ క్రమమును మరచుటచేతనే మన యిండ్లలో కట్టిన గాలిమరలు అనేకము అలంకారములై నిలిచిపోవుచున్నవని నా దృఢవిశ్వాసము.

ఇంటితోటలో గాలిమర కట్టుకొందుమని ఉత్సాహపడువారు రెక్కల నమూనాలనుగూర్చియు అయస్కాంతముల ధరలనుగూర్చియు అడుగుదురేగాని, తమ తోటలో గాలి యెంత వీచుచున్నదని అడుగువారు అరుదు. గాలియందలి శక్తి వేగముయొక్క ఘనమును బట్టి పెరుగును గనుక, వేగము రెట్టింపైనచో శక్తి యెనిమిది రెట్లగును. రెండు మీటర్ల వ్యాసముగల చక్రము గుండా సెకనుకు 3 మీటర్ల వేగమున పోవు గాలిలో సుమారు 50 వాట్ల శక్తి మాత్రమే యుండగా, 6 మీటర్ల వేగమున పోవు గాలిలో 400 వాట్లుండును. అందు 16/27వ వంతునకు మించి ఏ చక్రమును గ్రహింపజాలదని జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్బర్టు బెట్జ్ ఒక శతాబ్దము క్రిందటనే నిరూపించెను. ఇంట చేసిన యంత్రము నాలుగవ వంతు చేతికిచ్చిన అదియే గొప్ప. అనగా మొదటి గాలికి దక్కునది ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపమునకు చాలినంత, రెండవ గాలికి దక్కునది నూరు వాట్లు.

విశాఖలో ఈ భేదము వీథివీథికిని కానవచ్చును. పగటియెండకు నేల వేడెక్కగా సముద్రముమీది చల్లగాలి మధ్యాహ్నమునకు ఒడ్డుననున్న పేటలను తాకును. అదే గాలి మేడల వరుసలు దాటి లోపలికి పోయినకొలది సుడులు తిరిగి బలహీనమగును. 1933లో ప్రారంభమైన మన రేవునకు ఈ స్థలము అనువైనదగుటకు యారాడ కొండ కోటగోడవలె అడ్డునిలిచి ఓడలను గాలినుండి కాపాడుట ఒక ముఖ్యకారణము. ఓడలకు రక్షయైన ఆ కొండచాటే దాని నీడనున్న పెరళ్లకు గాలికరవు. కావున ఋషికొండవైపు నివసించు మిత్రునికి పనిచేసిన యంత్రము రేవువెనుక నివసించు మనకు పనిచేయునని నమ్మరాదు.

కట్టు పనివిషయమున మాత్రము ఈ ఉక్కునగరవాసులకు కొరత లేదు. గాజువాక ఆటోనగరులో పాతకారు చక్రపు హబ్బును బేరింగులతోసహా కొని, లేతుమీద ఇనుపపళ్లెములు రెండు కోయించి, వాటికి అయస్కాంతములను అంటించి, నడుమ రాగితీగ చుట్టలను రెజినులో పోతపోసి నిలిపినచో చక్కని జనరేటరు తయారగును. స్కాట్లండులోనే స్కోరయిగ్ అను మారుమూల ద్వీపకల్పమున నివసించు హ్యూ పిగ్గట్ ఈ పద్ధతిని అనేక దేశములవారికి నేర్పెను. కారు ఆల్టర్నేటరును నేరుగా రెక్కలకు బిగింపబూనువారున్నారు గాని, అది నిమిషమునకు వేయిచుట్లకు పైబడిననేగాని సరిగా పనిచేయదు. మన చక్రము తిరుగునది రెండుమూడు వందల చుట్లే. రెక్కలు మూడు చాలును. నీరుతోడుటకు బలము కావలెను గనుక బెంగుళూరు జాతీయ వైమానిక ప్రయోగశాలవారు 1960 ప్రాంతమున రూపొందించిన గాలిమరకు పండ్రెండు రెక్కలుంచిరి. విద్యుత్తునకు వేగము కావలెను గనుక తక్కువ రెక్కలే మేలని డెన్మార్కు ఉపాధ్యాయుడు పౌల్ లా కూర్ 1890 దశకముననే కనుగొనెను.

అయితే బ్లైత్ యంత్రమున పెద్దలోప మొకటి యుండెను: గాలివానలో దానిని నిలుపు సాధనము చాలకపోయెను. ఈ తీరమున అట్టి లోపమును ఎవరును క్షమింపరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగమున విశాఖమీద పడినపుడు విద్యుత్ స్తంభములు నేలకూలి నగరము దినములతరబడి చీకటిలో మునిగినది. గాలి మితిమీరగనే చక్రమును ప్రక్కకు త్రిప్పివేయునట్లు తోకను ఏటవాలు కీలుమీద అమర్చుట ఒక రక్ష. స్తంభమును అడుగున మడతకీలుపై నిలిపి, కట్టుతీగలను సడలించి నేలకు వాల్చుకొను వీలుంచుట రెండవది. రేవులో ప్రమాదహెచ్చరిక వెలువడగనే స్తంభమును వాల్పవలెను. మేడకప్పుమీద మాత్రము దీనిని బిగింపకుడు. దాని అదురు గోడలకు చేటు, నిద్రకు శత్రువు.

కాబట్టి విశాఖవాసులకును, ముఖ్యముగా ఇంజనీరింగు విద్యార్థులకును నా విన్నపము. యంత్రముజోలికి పోకమునుపు, చక్రము నిలుపదలచిన యెత్తుననే చిన్న గిన్నెల గాలిమాపకము నొకదానిని కట్టి, వేసవి, నైరుతి, ఈశాన్యము మూడును గడచువరకు ప్రతిదినము వేగమును పుస్తకమున వ్రాసియుంచుడు. సగటు 3 మీటర్లకు మించకున్న ఆ ధనముతో సౌరఫలకమును కొనుడు; 5 మీటర్లు దాటినచో మరునాడే ఆటోనగరునకు వెళ్లి హబ్బు బేరమాడుడు.