పండితారాధ్యుని చూపు, శ్రీశైలం తీర్పు

12వ శతాబ్దపు శైవగురువు మల్లికార్జున పండితారాధ్యుడు చందవోలులో బౌద్ధ పండితుడితో వాదించాడని, ఆ తగాదాలో వెలనాటి రాజు అతని కళ్ళు పోగొట్టాడని, శివానుగ్రహంతో చూపు తిరిగి వచ్చిందని ‘పండితారాధ్య చరిత్ర’ పరంపర చెబుతుంది. పుణ్యకథను చరిత్రగా వాడవచ్చా అన్న అభ్యంతరం న్యాయమైనదే. కళ్ళు నిజంగా పోయాయో లేదో ఈ కథ రుజువు చేయలేదు. కానీ గురువును గుడ్డివాడిగా ఉంచి గౌరవించడం కథకులకు కష్టమైందని మాత్రం స్పష్టంగా చూపిస్తుంది. చూపు తిరిగొస్తేనే అతని భక్తి నెగ్గినట్టు వారికి తోచింది.

పండితారాధ్యుని యాత్ర ముగిసిన చోటు నల్లమలలోని శ్రీశైలం, 2022 దాకా కర్నూలు జిల్లాది. వీరశైవ గురువు బసవేశ్వరుణ్ణి చూడాలని కల్యాణ పట్టణానికి బయలుదేరిన పండితారాధ్యుడు, దారిలోనే ఆయన మరణవార్త విని ఈ కొండకు చేరాడంటారు. అదే కొండమీద 1377లో రెడ్డిరాజు అనవేముడు వీరశిరోమండపం కట్టించాడు. అక్కడ వీరభక్తులు తలలు, నాలుకలు కోసి అర్పించేవారని శాసనం కీర్తిస్తుంది. అంటే శరీరంలో లోటును ఆ సమాజం అసహ్యించుకోలేదు కదా అని వాదించవచ్చు. నేను ఒప్పుకోను. తానుగా ఇచ్చిన అంగానికి దక్కిన కీర్తి, బలవంతంగా పోయిన కంటికి దక్కలేదు. పుట్టుకతో లేని చూపుకూ అంతే: తిరువారూరు భక్తుడు దండి అడిగళ్ పుట్టుగుడ్డివాడై, తాడు పట్టుకుని దారి తెలుసుకుంటూ చెరువు తవ్వాడని అరవ శైవులు చెప్పుకుంటారు. ఆ శ్రమ ఒక్కటే ఆయన గొప్పతనానికి చాలు. అయినా ఆయన కథ కూడా చూపు రావడంతోనే ముగుస్తుంది.