కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేక

తాను పోయాక జనానికి ముందుగా ‘ఫ్రెండ్స్’ టీవీ సీరియల్ గుర్తుకు రాకూడదని, వ్యసనం నుంచి బయటపడాలనుకునేవాళ్లకు తాను చేసిన సాయం గుర్తుకు రావాలని హాలీవుడ్ నటుడు మాథ్యూ పెర్రీ కోరుకున్నాడు. ఉత్తి మాటలు కావవి. 2013లో మాలిబూలోని తన ఇంటిని తాగుడు మానాలనుకునే మగవాళ్లకు ఆశ్రయంగా మార్చాడు. అలాంటి మనిషికి, చివరి రోజుల్లో పక్కనుండి ‘వద్దు’ అని గట్టిగా అడ్డుపడేవాళ్లు లేకపోయారు.

పద్నాలుగో ఏట మొదటిసారి మందు రుచి చూశాడు. 1994 నుంచి 2004 దాకా ‘ఫ్రెండ్స్’లో చాండ్లర్ బింగ్‌గా ప్రపంచాన్ని నవ్వించాడు. ఒక సినిమా షూటింగ్ రోజుల్లో జెట్ స్కీ ప్రమాదం జరిగితే నొప్పికి మాత్రలిచ్చారు. అవి పెరిగి పెరిగి రోజుకు 55 దాకా వెళ్లాయి. తెర మీద తాను లావుగా కనిపిస్తే తాగుతున్నట్టు, చిక్కిపోయి కనిపిస్తే మాత్రలు మింగుతున్నట్టు అని తర్వాత తనే రాసుకున్నాడు. 2018లో పెద్దపేగు పగిలింది. రెండు వారాలు కోమాలో ఉండి, చావు అంచు నుంచి తిరిగొచ్చాడు. ఆ నరకమంతా 2022లో పుస్తకంగా చెప్పాడు. ఇక గండం గడిచిందనుకున్నారు అభిమానులు.

అప్పటికే కెటమిన్ అతని జీవితంలోకి వచ్చింది. 1962లో తయారైన ఈ మత్తుమందు వియత్నాం యుద్ధంలో గాయపడ్డవాళ్లకు పనికొచ్చింది. ఇప్పటికీ ఎన్నో ఆసుపత్రుల్లో ప్రాణాలు నిలబెడుతోంది. తక్కువ మోతాదులో, డాక్టర్ల పర్యవేక్షణలో, తీవ్రమైన కుంగుబాటుకూ వాడుతున్నారు. పెర్రీ కూడా అలాగే మొదలుపెట్టాడు. క్లినిక్ డాక్టర్లు మోతాదు పెంచబోమన్నాక, డబ్బుకు ఆశపడే డాక్టర్లను వెతుక్కున్నాడు. పన్నెండు డాలర్ల సీసాను రెండు వేల డాలర్లకు అమ్మారు. ఒకసారి ఇంజెక్షన్ ఇవ్వగానే అతను కదల్లేక బిగుసుకుపోయాడు, రక్తపోటు ఎగిసింది. కళ్లారా చూసిన డాక్టరే మరికొన్ని సీసాలు ఇంట్లో వదిలి వెళ్లాడు. ఇంజెక్షన్లు పొడిచింది వైద్యం చదవని సహాయకుడు. చివరి రోజుల్లో అవి రోజుకు ఆరు నుంచి ఎనిమిది.

2023 అక్టోబరు 28న అలాంటివి మూడు ఇచ్చి, అతన్ని వదిలి సహాయకుడు పనుల మీద బయటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పెర్రీ వేడినీటి తొట్టిలో ముఖం నీళ్లలో పెట్టి, నిర్జీవంగా ఉన్నాడు. వయసు 54. ఆపరేషన్ బల్ల మీద రోగికి ఉండేంత కెటమిన్ అతని రక్తంలో తేలింది. ఆపరేషన్ గదిలోనైతే ఊపిరిని, గుండెను క్షణక్షణం గమనించేవాళ్లుంటారు. ఆ తొట్టి పక్కన ఎవరూ లేరు. ఆ తర్వాత ఇద్దరు డాక్టర్లు, సహాయకుడు సహా ఐదుగురు కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

పార్టీల్లో ‘కాసేపు తేలిపోదాం’ అని కెటమిన్ పొడిని పీల్చే కుర్రాళ్లకు తెలియాల్సింది ఇదే. పీల్చినవాడి ఒళ్లు తనది కాదన్నట్టు మొద్దుబారిపోతుంది, దారి తెలియదు, నొప్పి తెలియదు. కాళ్లు జారినా, నీళ్లలో మునిగినా తనను తాను కాపాడుకోలేడు. మద్యం, నల్లమందు జాతి మాత్రలు తోడైతే ఊపిరి మరింత మందగిస్తుంది. అలవాటుగా వాడితే మూత్రాశయం పుండ్లు పడి ముడుచుకుపోతుంది. నిమిషాల తేడాతో మూత్రం వస్తుంది, అందులో మంట, నెత్తురు. కొందరికి దాన్ని కోసి తీసేయాల్సి వస్తుంది.

పెర్రీకి డబ్బుంది, పేరుంది, ప్రేమించేవాళ్లూ ఉన్నారు. కానీ చివరి వారాల్లో అతని చుట్టూ చేరినవాళ్లకు అతని బలహీనతే బేరం అయింది. మీ ఇంట్లోనో హాస్టల్లోనో ఎవరైనా ఈ దారిన పడితే, తిట్టి వెలివేయకండి, ఒంటరిగా వదిలేయకండి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. మెలకువ వచ్చాక, పగ పెంచుకున్నా సరే, ‘వద్దు’ అనే మాట మీరే అనండి.