ఇత్తడి, బేకలైటు, స్పాంజి

ఫిల్మ్ కెమెరాల మోజు మళ్ళీ మొదలైంది కదా, సెకండ్‌హ్యాండ్ ప్రకటనలు ఒకసారి చూడండి. దాదాపు ప్రతిదాంట్లోనూ ఒక మాట కనిపిస్తుంది: ‘ఫుల్ మెటల్ బాడీ’. కొనేవాళ్ళూ అంతే. చేతిలోకి తీసుకుని బరువు చూస్తారు, కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు వేలి కణుపుతో తట్టి చూస్తారు, ఠంగుమంటే సంతోషిస్తారు. డొల్లగా వినపడితే ‘ప్లాస్టిక్’ అని పెదవి విరిచి పక్కన పెట్టేస్తారు. ఈ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇందులో నిజమెంత అని కొన్నేళ్ళుగా దొరికినదల్లా చదువుతున్నాను. చదివేది ఇంజనీరింగే అయినా నేను మరలు విప్పే మనిషిని కాదు, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. అయినా పాత కెమెరాలు ఏ జబ్బుతో పోతాయో తెలుసుకున్న కొద్దీ ఒకటి స్పష్టమైంది. వాటి చావుకీ ఒంటి మీది లోహానికీ సంబంధం చాలా తక్కువ.

అసలు మొదట్లో కెమెరాకి లోహపు ఒళ్ళే లేదు. 19వ శతాబ్దపు కెమెరా అంటే ఒక చెక్కపెట్టె, తోలు మడతలు, ఇత్తడి బిగింపులు. 1880ల్లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన లాలా దీన్‌దయాళ్ నిజాం దర్బారుని గాజుపలకల మీదికి ఎక్కించింది ఇలాంటి పెట్టెలతోనే. ఇంగ్లండులో కెమెరాలు చేసేవాళ్ళకి మన వాతావరణం పెద్ద తలనొప్పి. అక్కడ బాగా పనిచేసిన చెక్క ఇక్కడి వానాకాలానికి ఉబ్బుతుంది, ఎండాకాలానికి బీటలు తీస్తుంది, జిగురు వదిలేస్తుంది, తోలుని పురుగులు తింటాయి. అందుకని ‘ట్రాపికల్’ మోడళ్ళని ప్రత్యేకంగా చేశారు. అవి టేకు చెక్కతో, మూలమూలకీ ఇత్తడి పట్టీలు బిగించి ఉండేవి. ఇవాళ వేలంపాటల్లో వాటి అందం చూసి కొంటున్నారు గానీ ఆ ఇత్తడి అలంకారం కాదు. జిగురు మీద నమ్మకం లేక కొట్టిన మేకులు అవి.

ఇక 1900లో కొడాక్ వదిలిన బ్రౌనీ అయితే అట్టపెట్టె. నిజంగానే అట్ట, పైన తోలు లాంటి కాగితం, వెల ఒక డాలరు. అది పదికాలాలు ఉండాలని ఎవరూ అనుకోలేదు, పిల్లలు కూడా ఫోటో తీయగలగాలి అనుకున్నారు. అయినా నూరేళ్ళు దాటిన బ్రౌనీలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, వాటితో ఫోటోలు తీస్తున్నవాళ్ళూ ఉన్నారు. లోపల చెడిపోవడానికి ఏముంది? ఒక కటకం, ఒక రేకు షట్టరు, ఒక స్ప్రింగు.

ప్లాస్టిక్ కథ ఇంకా ముచ్చటైనది, ఎందుకంటే అది ఫోటోగ్రఫీ ఇంట్లోనే పుట్టిందని చెప్పొచ్చు. బెల్జియంలో పుట్టి అమెరికా చేరిన లియో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త ముందు వెలాక్స్ అనే ఫోటో కాగితం కనిపెట్టాడు. దీపపు వెలుగులోనే ఫోటో అచ్చువేసుకునే వీలు దానివల్ల వచ్చింది. 1899లో ఆ వ్యాపారాన్ని ఈస్ట్‌మన్ కొడాక్ కొనేసింది. ఆ డబ్బుతో సొంత ప్రయోగశాల పెట్టుకుని, 1907లో ఫినాల్‌నీ ఫార్మాల్డిహైడ్‌నీ కలిపి వేడి, ఒత్తిడి మధ్య బిగించి ఆయన చేసిందే బేకలైటు. పాతకాలపు కరెంటు స్విచ్చులు గుర్తున్నవాళ్ళకి పరిచయం చెయ్యక్కర్లేదు, అదే నల్లటి పదార్థం. పాతికేళ్ళు తిరిగేసరికి అది కెమెరాగా మారి కొడాక్ ఇంటికే చేరింది: వాల్టర్ డోర్విన్ టీగ్ డిజైన్ చేసిన 1934 నాటి బేబీ బ్రౌనీ. వెల మళ్ళీ ఒక డాలరే.

1936లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో బేకలైటు రేడియోలు చేసే ఒక కంపెనీ ఆర్గస్ ఏ అనే 35 ఎం.ఎం. కెమెరా వదిలింది. వెల పన్నెండున్నర డాలర్లు. రేడియో డబ్బాకి వాడే విద్యనే కెమెరాకి వాడారు: అచ్చులో పోసి తీస్తే ఒళ్ళు తయారు, చెక్కే పని లేదు, రంగు వేసే పని లేదు. తర్వాత 1939లో వచ్చిన ఆర్గస్ సి3ని అందరూ ‘ఇటుక’ అనేవారు, ఆకారమూ బరువూ అలాగే ఉండేవి మరి. అది 1966 దాకా తయారైంది. బేకలైటుకి ఒక గుణం ఉంది, ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు. వంగదు కూడా. కింద పడితే సొట్ట పడదు, పగులుతుంది. పగిలిన బేకలైటుని అతికించొచ్చేమో గానీ సొట్టని సరిచేసినట్టు సరిచెయ్యలేం. లోహం మీద మనకున్న ప్రేమలో న్యాయమైన భాగం ఇక్కడుంది. లోహం దెబ్బని తనలో దాచుకుంటుంది. ఆ దెబ్బని సుత్తితో వెనక్కి లాగొచ్చు.

లోహాన్ని కెమెరా ప్రపంచంలో గొప్పింటి గుర్తుగా చేసింది మాత్రం లైకానే. జర్మనీలోని వెట్జ్‌లార్ ఊళ్ళో లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బర్నాక్‌కి ఉబ్బసం. పెద్ద పెట్టె కెమెరా మోసుకుని కొండలెక్కలేక, సినిమా ఫిల్మ్ వాడే చిన్న లోహపు కెమెరా ఒకటి చేసుకున్నాడు. అది 1925లో అమ్మకానికొచ్చింది. అంటే ఈ లోహపు కెమెరా బరువు తగ్గించడానికి పుట్టింది. ‘బరువుంటే మంచి కెమెరా’ అనేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

తర్వాత కాలపు లైకాల పై రేకు ఇత్తడి. దాని మీద వేసిన నల్లరంగు ఏళ్ళ తరబడి వేళ్ళ రాపిడికి అంచుల్లో అరిగి, లోపలి పసుపు బయటపడుతుంది. అరిగిన గడపకి ఉండే అందం లాంటిది దానికి వచ్చింది. 2015లో లైకా కంపెనీ పాటగాడు లెన్నీ క్రావిట్జ్ పేరు మీద ఒక డిజిటల్ కెమెరాని ఫ్యాక్టరీలోనే చేత్తో అరగదీసి, పాతబడినట్టు చేసి అమ్మింది. చిరిగిన జీన్స్ ఎక్కువ ధరకి కొనే కాలంలో ఉన్నాం కాబట్టి ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయితే ఇత్తడి అరుగుతుంటే, అదే లైకా ఒంటికి చుట్టిన గట్టి రబ్బరు తొడుగు పెళుసుబారి పెచ్చులుగా రాలుతుంది. లోపలి షట్టరు తెరలు రబ్బరు పూసిన బట్ట. మూత పెట్టకుండా లెన్సుని సూర్యుడి వైపు వదిలేస్తే, భూతద్దం కింద కాగితంలా వాటికి చిల్లు పడుతుంది. లోహానికి లోహమే ఎసరు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. పాత జైస్ ఇకాన్ కెమెరాల తోలు కింద ఇత్తడి రివెట్లకి చిలుము పట్టి, పైకి కురుపుల్లా పొంగుతాయి. 1984లో వచ్చిన లైకా ఎం6కి ఇత్తడి బదులు జింకు పోత వాడారు. కొన్నింటిలో పై పూత కింద బుడగలు లేచాయి. 2022లో అదే ఎం6ని మళ్ళీ చేసినప్పుడు ఇత్తడికి తిరిగొచ్చారు.

‘ట్యాంకు’ అన్న మాటకి అసలైన పెట్టుబడి యుద్ధాల్లోంచి వచ్చింది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ వియత్నాం కాలపు విలేఖరుల మెడలో వేలాడింది. కంబోడియాలో డాన్ మెకల్లిన్ దగ్గరున్న నికాన్ ఎఫ్‌కి ఏకే-47 తూటా తగిలింది, ఆయన బతికాడు. ఆ చిల్లు పడ్డ కెమెరా ఫోటో చూడని ఫోటోగ్రఫీ ప్రేమికులుండరు. దాని పక్కనే 1978లో కుక్కల బండి మీద ఒంటరిగా ఉత్తర ధ్రువానికి వెళ్ళిన నవోమి ఉయెమురా కథ చెబుతారు. ఆయన కోసం నికాన్ టైటానియం కవర్లతో మూడు ఎఫ్2 కెమెరాలు చేసింది, మరుసటేడు ఎఫ్2 టైటాన్ పేరుతో అలాంటివే అందరికీ అమ్మింది. రెండూ నిజమైన కథలే. కానీ గమనించండి, చలిలో కెమెరాని ఆపేది రేకు కాదు. లోపలి నూనె చిక్కబడుతుంది, ఫిల్మ్ పెళుసై తెగుతుంది. టైటానియం ఎంత ఉన్నా లోపలి నూనె మార్చకపోతే ధ్రువం దగ్గర ఫోటో రాదు. ప్రకటనల్లో నూనె గురించి ఎవరు రాస్తారు?

1976కి వద్దాం. ఆ ఏడాది వచ్చిన కానన్ ఏఈ-1 మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి, ఎందుకంటే నా వృత్తి కెమెరాలోకి అడుగుపెట్టింది అక్కడే. మైక్రోప్రాసెసర్ పెట్టిన మొదటి ఎస్ఎల్ఆర్ అది. పళ్ళచక్రాలూ మీటలూ చేసే కొంత పనిని చిప్ తీసుకోవడంతో, విడిభాగాలు సుమారు 300 తగ్గాయి. ధర దిగింది, లక్షల్లో అమ్ముడైంది. దాని తళతళలాడే పైకప్పు లోహం కాదు, ఏబీఎస్ ప్లాస్టిక్ మీద లోహపు పూత. మన భాషలో చెప్పాలంటే కళాయి. ఇంకా సూటిగా అయితే వన్ గ్రామ్ గోల్డ్. ఇవాళ ఏఈ-1ని చేతిలో పట్టుకుని “అబ్బ, ఆ కాలపు లోహం” అని మురిసేవాళ్ళని చూశాను. ఆ పూత అంత నిజాయితీగా ఉంటుంది!

నా ఉద్దేశంలో ఆ ప్లాస్టిక్ మోసం కాదు. అది తేలిక, సొట్ట పడదు, జీతగాళ్ళకి ఎస్ఎల్ఆర్‌ని అందుబాటులోకి తెచ్చిన లెక్కలో అదీ ఒక భాగం. మన దగ్గర బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 కూడా ప్లాస్టిక్ పెట్టే, ఎన్ని ఇళ్ళలో పెళ్ళిళ్ళూ పుట్టువెంట్రుకలూ దాంట్లోంచే ఆల్బమ్‌లోకి వెళ్ళాయో. ఏఈ-1తో మారింది వేరే విషయం. బ్యాటరీ అయిపోతే షట్టరు పడదు. చిప్ పోతే దాన్ని సాన పట్టి సరిచేసే కమ్మరి ఊళ్ళో ఉండడు. ఒళ్ళు ఏదైనా, ప్రాణం ఇంకోచోటికి మారింది.

ఇప్పుడు స్పాంజి. కెమెరా చరిత్రలు రాసినవాళ్ళు దీనికి ఒక పేరా కూడా ఇవ్వరు, నేనైతే ఒక అధ్యాయం ఇస్తాను. కెమెరా వెనక తలుపు సందుల్లోంచి వెలుతురు రాకుండా ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. పూర్వం లోతైన గాడి కోసి, తలుపు అంచు దాంట్లో కూర్చునేలా చేసేవారు, గాడిలో నల్ల ఉన్ని దారం పెట్టేవారు. అంత కచ్చితంగా గాడి కొయ్యడం ఖర్చు. 1970ల్లో జపాన్ కంపెనీలు పాలియురిథేన్ స్పాంజి పట్టీలు అంటించడం మొదలుపెట్టాయి. చవక, తొందర, మెత్తగా సర్దుకుంటుంది. కానీ ఆ స్పాంజి గాలిలోని తేమతో నెమ్మదిగా రసాయన చర్య జరుపుతుంది. 15–20 ఏళ్ళకి నల్లటి జిగురుగా మారిపోతుంది, తారులాగా. తేమ ఎక్కువున్న మన తీరప్రాంతాల్లో ఇది ఇంకా తొందరగా జరగడంలో వింత లేదు. వెలుతురు దూరి రీలు మీద ఎర్రటి చారలు పడతాయి. వాటిని కూడా ఇవాళ ‘వింటేజ్ లుక్’ అంటున్నారనుకోండి.

చారలు చిన్న జబ్బు. 1972లో యోషిహిసా మైతానీ చేసిన ఒలింపస్ ఓఎం-1 చిన్నగా, ముద్దుగా, పూర్తి లోహంతో ఉండే కెమెరా. దాని ప్రిజం చుట్టూ కూడా స్పాంజి పెట్టారు. ఆ స్పాంజి కుళ్ళి, ప్రిజం మీది వెండిపూతని తినేస్తుంది. కళ్ళు పెట్టి చూస్తే దృశ్యంలో నల్లమచ్చలు. కాపాడటానికి పెట్టిందే కంటిపొర అయింది. 1987 నాటి కానన్ ఈఓఎస్ 650లోనూ ఇదే వరస. దాని పాలికార్బొనేట్ ఒళ్ళు ఇవాళ్టికీ చెక్కుచెదరదు. షట్టరు రేకులు ఆగేచోట పెట్టిన చిన్న మెత్త మాత్రం కరిగి, రేకులకి అంటుకుని వాటిని కదలనివ్వదు. ఒకటి ఫుల్ మెటల్, ఒకటి ఫుల్ ప్లాస్టిక్. జబ్బు ఒకటే.

నా దగ్గరున్న ఒక 1970ల ఎస్ఎల్ఆర్‌ని ఇలాంటి జిగురుతోనే కోఠీలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. డెబ్బైకి దగ్గర్లో ఉన్న పెద్దాయన. అగరొత్తి పుల్ల కొసకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, గోరంత గోరంత చొప్పున గంటన్నర గోకాడు. కొత్త స్పాంజి బదులు నల్ల ఉన్ని దారం పెట్టాడు. “ఇది కుళ్ళదు బాబూ, నీ తర్వాత ఎవరికైనా ఇచ్చెయ్” అన్నాడు. వెనక అలమారలో డబ్బాల నిండా చచ్చిన కెమెరాలు, మోడల్ ప్రకారం. ఒకదాని స్ప్రింగు ఇంకోదానికి, ఒకదాని మీట మరోదానికి. చిప్ ఉన్న కెమెరాలు తెస్తే ఏం చేస్తారని అడిగాను. “చూస్తా. రెండు తెస్తే ఒకటి చేస్తా” అన్నాడు. ఈ పని ఇంకెవరైనా నేర్చుకుంటున్నారా అంటే నవ్వి, మళ్ళీ గోకుడులో పడ్డాడు.

సాఫ్ట్‌వేర్‌లో మాకు ఈ బాధ బాగా తెలుసు. ప్రోగ్రామ్ బాగానే ఉంటుంది, అది ఆధారపడ్డ లైబ్రరీని చూసుకునేవాళ్ళు మానేస్తారు. కెమెరాల్లో దీనికి కాంటాక్స్ టీ2ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. 1990లో వచ్చిన ఈ జేబు కెమెరా ఒళ్ళు టైటానియం, 2017లో కెండల్ జెన్నర్ ఒక టీవీ షోలో దీన్ని చూపించాక ధర కొండెక్కింది. చేసిన క్యోసెరా కంపెనీ 2005లోనే కెమెరాల వ్యాపారం మూసేసింది. లోపలి సర్క్యూటు పోతే కొత్తది చేసేవాళ్ళు లేరు. తుప్పు పట్టని, అరగని టైటానియం మాత్రం మన మునిమనవల దాకా అలాగే మెరుస్తూ ఉంటుంది, పేపర్‌వెయిట్‌గా.

2022 చివర్లో పెంటాక్స్ మళ్ళీ ఫిల్మ్ కెమెరా చేస్తామని ప్రకటించింది. అక్కడి ఇంజనీర్లకి వచ్చిన చిక్కు ఏ లోహం వాడాలన్నది కాదు. రీలుని బొటనవేలితో తిప్పే మీట ఎలా చెయ్యాలో తెలిసినవాళ్ళు కంపెనీలో మిగల్లేదు. పాత డ్రాయింగులు తీశారు, రిటైరైన పెద్దవాళ్ళని పిలిపించుకుని దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. 2024లో పెంటాక్స్ 17 వచ్చింది. పైనా కిందా మెగ్నీషియం రేకు, మధ్యలో ప్లాస్టిక్. నేను చూసిన సమీక్షల్లో కొన్ని మొదటి నిమిషంలోనే దాన్ని వేలితో తట్టి, కాస్త డొల్లగా ఉందన్నాయి. ఆ మీట గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.