పొలం గట్ల మీది చెట్లు, పొదలు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి

వానాకాలం పంట ఇంటికి చేరగానే చాలా ఊళ్లలో జేసీబీ గట్ల మీదికి వస్తుంది. గట్టు సన్నబడితే రెండు సాళ్లు ఎక్కువ పడతాయని లెక్క. ఎకరం, రెండెకరాల రైతుకు ఆ రెండు సాళ్లూ ముఖ్యమే, కాదనను. అయితే గట్టు మీద ఉన్నదంతా పెకిలించి కాల్చేసే ముందు అక్కడ ఏయే జీవులు కాపురం ఉంటున్నాయో ఒకసారి చూడండి.

పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. ఎండుకొమ్మ మీద కూర్చుని కిందికి దూకి మిడతలను, పెంకు పురుగులను పట్టి తింటుంది. గూడు పెట్టేది పాత చెట్ల తొర్రల్లో. ఆ చెట్లు పోతే అదీ పోతుంది. (దసరాకు పంజరంలో పెట్టి చూపించేవాళ్లకు డబ్బులివ్వకండి. అది నేరం, పిట్టకు చావు.) పసులపోలిగాడు, అంటే ఏట్రింత, శనగ, కంది చేలలో శనగపచ్చ పురుగును ఏరుకుని తింటుంది. ఎకరానికి 8-10 పక్షి స్థావరాలు పెట్టమని మేము చెప్పేది ఇందుకే. గట్టు మీద చెట్టుంటే అది ఖర్చులేని పక్షి స్థావరం. రాత్రిపూట ఎలుకల పని పట్టేది గుడ్లగూబ, పగలు జెర్రిపోతు. జెర్రిపోతుకు విషం లేదు, చంపకండి. బ్రోమాడయోలోన్ ఎర తిని చచ్చిన ఎలుకను తింటే గుడ్లగూబ కూడా చనిపోవచ్చు. కాబట్టి ఎర పెట్టిన మర్నాటి నుంచి చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చాలి.

తీసేయాల్సినవి

గట్టు మీద పచ్చగా ఉన్నదంతా మంచిదని కాదు. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తెగులు దెబ్బతీసింది. ఆ వైరస్ దాగి ఉన్నది ఎక్కువగా వయ్యారిభామ మొక్కల్లో. మొక్క పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, దాని పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ మీదికి మోస్తాయి. అందుకే వయ్యారిభామను పూత రాకముందే పీకాలి. పత్తి రైతులు తుత్తురుబెండను కూడా వదలకూడదు, పిండినల్లి, తెల్లదోమ దాని మీద బతికి చేలోకి దిగుతాయి. సర్కారు తుమ్మను వేళ్లతో సహా తీయండి, పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది.

ఊళ్లో తండ్రికి వచ్చిన సందేహాన్ని అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో చదువుకునే పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు: పొదలుంచితే అడవి పందులు రావా? న్యాయమైన ప్రశ్న. పంది పగలు దాక్కునేది దట్టమైన, మనిషి దూరలేని కంపలో. సర్కారు తుమ్మ తీసేయమనడానికి ఇది రెండో కారణం. తంగేడు, వావిలి, సీతాఫలం, రేగు పొదలను విడివిడిగా, కింద గాలి వెలుతురు ఆడేలా ఉంచితే పందికి దాపు దొరకదు, పిట్టలకు సరిపోతుంది. పందుల బెడద ఉన్నచోట వేరుశనగ చుట్టూ నాలుగు వరుసల కుసుమ వేసుకోవచ్చు. ముళ్లకు అవి జంకుతాయి. కరెంటు తీగ మాత్రం పెట్టవద్దు. దాని మీద పడి చచ్చేది పంది ఒక్కటే కాదు, తెల్లవారి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషి కూడా.

నీడ, వేళ్లు, పక్క రైతు

పొద్దు ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం వైపు వాలి ఉంటుంది కాబట్టి నీడ ఉత్తరానికి పడుతుంది. మీ ఉత్తరపు గట్టు మీద చెట్టు పెడితే మీ పంటకు నష్టం లేదు, పక్కాయనకు ఉంది. నాటేముందు ఆయనతో మాట్లాడండి. గట్టు తగాదాలు చాలావరకు ఈ ఒక్క మాట మాట్లాడకపోవడం వల్లే. పంట వైపు అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గాడి తీస్తే పక్కలకు పాకే వేళ్లు తెగుతాయి. గాడి మొదలుకు మరీ దగ్గరగా ఉండకూడదు. జమ్మి వేళ్లు లోతుకు పోతాయి, నీడ పలుచన, నేలకు నత్రజని కూడా ఇస్తుంది. రాష్ట్ర వృక్షమని కాదు, చేను మధ్యలో ఉన్నా పంటతో పెద్దగా పోటీ పడదని చెబుతున్నాను.

కొమ్మలు కొట్టడానికి డిసెంబరు, జనవరి మంచి కాలం. మార్చి నుంచి పాలపిట్టలు, వానలు పడ్డాక చిన్న పిట్టలు గూళ్లు పెడతాయి, అప్పుడు కత్తి ముట్టకండి. గట్టంతా ఒకే ఏడు కొట్టవద్దు. సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు. గ్లైరిసీడియాను మాత్రం నడుం ఎత్తులో ఎన్నిసార్లు కొట్టినా చిగురిస్తుంది; ఆ రొట్టను, కానుగ ఆకును దమ్ములో తొక్కిస్తే పచ్చిరొట్ట ఎరువు కొనాల్సిన పని తగ్గుతుంది. ఎండాకాలం గట్టుకు నిప్పు పెడితే పురుగు గుడ్లతో పాటు వాటిని తినే సాలీళ్లూ, చీమలూ కాలిపోతాయి.

పెద్ద చెట్టు నరకాలంటే 2002 నాటి వాల్టా చట్టం వర్తిస్తుంది. మీ గట్టు మీదిదైనా ముందుగా అటవీ శాఖ వారిని అడిగాకే గొడ్డలి పెట్టండి. కొత్తగా నాటాలనుకునే చిన్న రైతులు ఉపాధి హామీలో గట్ల మీద మొక్కల పెంపకం కోసం గ్రామ పంచాయతీలో పేరు రాయించుకోవచ్చు.