కాళ్ళు కడుక్కుంటారా?

తెల్లవారుజామున నాలుగున్నర. కోనసీమలో ఒక పెళ్ళివారిల్లు. మండువా నిండా పరుపులు, పరుపుల నిండా చుట్టాలు. ఎవరినీ తొక్కకుండా అడుగులో అడుగేసుకుంటూ మీరు పెరట్లోకి వచ్చారు. కొబ్బరిచెట్ల కింద తడిమట్టి అరికాళ్ళకి చల్లగా తగులుతోంది. గోడవారన ఒకటే తలుపు. దాని ముందు అప్పటికే ఏడుగురు.

వినండి. ఒక్కరి నోటా అసలు మాట రాదు.

పెళ్ళికూతురి తాతగారు కుడిచెవికి జంధ్యం చుట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు పలకరించకండి. జంధ్యం చెవికెక్కితే ఆయన మాట్లాడరు, మాట్లాడాల్సిన పనీ లేదు. వెనక పురోహితుడు గారు "అల్పాచమానానికి నాయనా, కాస్త ముందుకి పోనిస్తావా" అంటున్నారు. రాత్రి ఆయనే 'లఘుశంక' అన్నారు. శంక అంటే సందేహం కదా. చిన్న సందేహం తీర్చుకుని తేటపడ్డ మొహంతో ఆయన తిరిగి రావడం మీరు చూశారు. అంతకంటే సరైన పేరు ఇంకేముంటుంది?

"ఒంటేలికి యాడికి పోవల్ల?" అనంతపురం బాబాయి గొంతు. ఆ మాట చెవిన పడగానే చిటికెన వేలెత్తి బెంచీ మీద మెలికలు తిరిగే బడిపిల్లాడు కళ్ళముందు నిలుస్తాడు. రెండు వేళ్ళెత్తితే పంతులుగారు ఇంకేమీ అడగకుండా పంపేసేవారు.

కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడు "దొడ్డికి పోవాలె" అన్నాడు. దొడ్డంటే పెరడే. పరాయి చేలో పడ్డ పశువుల్ని తోలే బందెలదొడ్డిలో ఉన్నదీ ఆ దొడ్డే. చోటు పేరు పనికి అంటుకుంది. అపార్ట్‌మెంట్ ఏడో అంతస్తులో పెరడు లేకపోయినా పిల్లలు దొడ్డికే వెళ్తారు. పక్కనున్న హైదరాబాద్ పెద్దాయన దాన్నే పాయిఖానా అంటారు. పారసీలో పాయ్ అంటే పాదం, ఖానా అంటే ఇల్లు. కాళ్ళ గది అన్నమాట.

పెదనాన్న ఈ వరసలో నిలబడలేదు. "అలా కాలవగట్టుదాకా తిరిగొస్తా" అన్నాడు. చేతిలో చెంబుంది. షికారుకి చెంబెందుకని ఎవరూ అడగలేదు.

అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ ఇదంతా విని నవ్వింది. "మాకిన్ని పేర్లు లేవర్రా. చీకటుండగానే 'చెరువుకి పోదాం రండే' అనుకునేవాళ్ళం. తెల్లారిందా, మళ్ళీ పొద్దుగూకేదాకా బిగబట్టుకోవడమే." వరసలో నవ్వులు ఆగిపోయాయి. పెదనాన్నకి కాలవగట్టు పగలూ ఉంది, రాత్రీ ఉంది. అమ్మమ్మకి చెరువు చీకట్లోనే ఉండేది.

ఇంతలో వీధిలో వ్యాను ఆగింది. రాత్రంతా ప్రయాణం చేసిన ఆడవాళ్ళు నడుములు పట్టుకుని దిగుతున్నారు. పెళ్ళికూతురి తల్లి పరుగున ఎదురెళ్ళింది. ప్రయాణం ఎలా జరిగిందని అడగలేదు, కాఫీ ఊసెత్తలేదు. "ముందు కాళ్ళు కడుక్కుందురుగాని రండి" అంటూ తన పడకగదిలోని బాత్రూమ్‌కే తీసుకెళ్ళింది. వాళ్ళెవరూ ఏ మాటా వెతుక్కోనక్కరలేకపోయింది.

మన భాషలో ఈ పనికున్న పేర్లన్నిటిలో నాకు నచ్చింది ఇదే, అడగకముందే పెట్టే మాట కాబట్టి. మీ ఇంటికి దూరాన్నుంచి ఆడవాళ్ళొస్తే మంచినీళ్ళకంటే ముందు ఆ మాట అనండి. అని, తలుపు ఎటువైపుందో కూడా చూపించండి.