అగ్నిపర్వతాలను గుర్తించడం

భూగర్భంలోని శిలాద్రవం (మాగ్మా), వాయువులు, బూడిద ఒక రంధ్రం గుండా వెలువడి, దాని చుట్టూ పేరుకొనడం వలన ఏర్పడిన కొండను అగ్నిపర్వతం అంటారు. ఒక పర్వతం అగ్నిపర్వతమా, కాదా అనేది నిర్ణయించడానికి దాని ఆకారం కంటె అది ఏ రాతితో ఏర్పడిందనేది ముఖ్యమైన ఆధారం.

ఆకారం

జపాన్‌లోని ఫ్యూజీ వలె శంఖాకారము, శిఖరాన గుంట ఉన్నదే అగ్నిపర్వతమని విద్యార్థులు తరచు పొరబడుతుంటారు. హవాయిలోని మౌనా లోవా బోర్లించిన డాలు వలె విశాలంగా, తక్కువ వాలుతో ఉంటుంది. భువనగిరి కోట ఉన్న గుండ్రని ఏకశిల చూపరులకు అనుమానం కలిగించినా అది గ్రానైట్. భూమి లోతులలో నెమ్మదిగా చల్లారి, పైపొరలు కోసుకుపోగా బయటపడినది. మహారాష్ట్రలోని లోనార్ సరస్సు ఉన్న గుంట ఉల్కాపాతం వలన ఏర్పడింది. వేడినీటి బుగ్గలు కూడా నమ్మదగిన గుర్తు కావు. హిమాలయాలలోని మణికరణ్ వద్ద బుగ్గలున్నాయి, అగ్నిపర్వతం లేదు.

లామింగ్టన్ పర్వతం

పాపువా న్యూగినీలోని ఈ పర్వతం దట్టమైన అడవితో కప్పబడి ఉండేది. దీనిని అగ్నిపర్వతంగా ఎవరూ గుర్తించలేదు. 1951 జనవరి మధ్యలో కొండచరియలు విరిగిపడడం, భూప్రకంపనలు, పొగ మొదలైనా ప్రజలను తరలించలేదు. జనవరి 21న వెలువడిన మండే వాయువులు, బూడిదతో కూడిన ప్రవాహాలలో సుమారు 3,000 మంది మరణించారు.

ఫిలిప్పైన్స్‌లోని పినటుబో కూడా అడవి కప్పిన కొండయే. సుమారు 500 సంవత్సరాలుగా నిద్రాణంగా ఉండేది. 1991 ఏప్రిల్‌లో ఆవిరి చిమ్మడం మొదలుకాగానే శాస్త్రజ్ఞులు చుట్టుప్రక్కల ఉన్న పాత బూడిద పొరలను, వాటిలో చిక్కిన బొగ్గు వయస్సును పరిశీలించి, పూర్వపు విస్ఫోటాలు ఎంత దూరం వ్యాపించాయో తెలుసుకొన్నారు. జూన్ 15 నాటి మహావిస్ఫోటానికి ముందే వేలాది మందిని తరలించగలిగారు.

రాళ్ళ సాక్ష్యం

లావా త్వరగా చల్లారుతుంది కనుక దాని రాతిలో స్ఫటికాలు సాధారణంగా కంటికి ఆనవు. వాయువులు తప్పించుకొన్న చోట చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ప్యూమిస్ అనే రాయి ఈ రంధ్రాల వలన నీటిపై తేలుతుంది. గ్రానైట్‌లో తెలుపు, గులాబీ, నలుపు రేణువులు విడివిడిగా కనిపిస్తాయి. అయితే లావా రాయి దొరికినంత మాత్రాన ఆ కొండ అగ్నిపర్వతం కాదు. దక్కను పీఠభూమిలో సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పగుళ్ళ గుండా పొంగిన లావా పొరలు పొరలుగా పరచుకొంది. వికారాబాదు ప్రాంతంలో, రాజమహేంద్రవరం సమీపంలో కూడా ఆ కాలపు బసాల్ట్ ఉంది. పశ్చిమ కనుమలలో మెట్లు మెట్లుగా కనిపించే కొండలు ఆ పొరలను నదులు, వానలు కోయగా మిగిలినవే. అక్కడ పొరలు దాదాపు అడ్డంగా ఉంటాయి. అసలైన అగ్నిపర్వతంలో అవి సాధారణంగా రంధ్రం నుండి నలువైపులా క్రిందికి వాలి ఉంటాయి. ఈ తేడా తెలిసినవారు లోయ గోడను చూసి చాలావరకు నిర్ణయించగలరు.

క్రియాశీలత

గత 10,000 సంవత్సరాలలో ప్రేలినదానిని సాధారణంగా క్రియాశీలంగా పరిగణిస్తారు. భూకంపలేఖినులు, ఉపగ్రహాలు, గంధకపు వాయువుల కొలతలు శిలాద్రవపు కదలికను తెలుపుతాయి. అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం దీర్ఘకాలం నిశ్శబ్దంగా ఉండి 1991లో మరల ప్రేలింది. ఆ తరువాత కూడా పలుమార్లు లావాను, బూడిదను వెలిగ్రక్కింది.